‘వలస నేత’ ఎవరు?

సందేహం: కెనడా రాజకీయవేత్త ఒమర్ అల్‌ఘబ్రా గురించి రాస్తూ ‘అరబ్బు వలస నేత’ అన్నాను. చదివిన మిత్రుడు ‘ఏ పార్టీలోంచి ఏ పార్టీలోకి దూకాడు?’ అని అడిగాడు. ‘ప్రవాస నేత’ అంటే సరిపోతుందా? ఆయన సౌదీలో పుట్టారు కాబట్టి ‘సౌదీ సంతతి’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ మిత్రుడు అలా అర్థం చేసుకోవడం సహజం. ఎన్నికలు దగ్గరపడితే మన పత్రికల్లో ‘వలసలు’ అంటే పార్టీ ఫిరాయింపులే. పైగా ‘వలస పాలన’ అంటే పరాయి పాలన. తెలంగాణ ఉద్యమకాలంలో ‘వలస పాలకులు’ అన్న మాట ఎంత ఘాటుగా వినిపించిందో మీకు తెలుసు. అల్‌ఘబ్రా పరాయి పాలకుడూ కాదు, పార్టీ మారినవారూ కాదు; పోటీ చేసిన ప్రతి పార్లమెంటు ఎన్నికలోనూ లిబరల్ పార్టీ అభ్యర్థే.

‘వలసవచ్చిన’ అని ధాతుజ విశేషణంగా, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణంగా రాయండి. అప్పుడది ఒకనాడు జరిగిన పని అవుతుంది. ‘వలస నేత’ అని సమాసం చేస్తే మనిషికి జీవితాంతం వదలని ముద్ర అవుతుంది. పందొమ్మిదేళ్లప్పుడు కెనడా చేరి, మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, 2006లో మిస్సిసాగా–ఎరిండేల్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు ఎన్నికైన మనిషి ఆయన. 2008లో ఓడారు, 2011లో మళ్లీ ఓడారు, అయినా వదలకుండా 2015లో మిస్సిసాగా సెంటర్‌లో గెలిచి, 2021 జనవరిలో రవాణా మంత్రి అయ్యారు. ఇంత చరిత్ర ఉన్నవారికి వలసనే ఇంటిపేరు చేయడం నాకు న్యాయంగా తోచదు.

‘ప్రవాసి’ ఇక్కడ కుదరదు. స్వస్థలం వైపు నిలబడి చూసేవారి మాట అది. తెలుగువాళ్లం మనవాళ్లను ‘ప్రవాసాంధ్రులు’ అంటాం. అల్‌ఘబ్రా తల్లిదండ్రులది సిరియా కాబట్టి ఆయన్ను అలా పిలవగలిగింది సిరియావాళ్లు. కెనడా రాజకీయాల గురించి రాసే మీరు ‘వలసవచ్చిన’ అనే అనాలి.

‘సౌదీ సంతతి’ మాత్రం తప్పే. సంతతి పుట్టిన ఊరిని చూడదు, వంశాన్ని చూస్తుంది. సౌదీలోని అల్ ఖోబర్‌లో పుట్టినా ఆయన తల్లిదండ్రులు సిరియావాళ్లు, కనుక ‘సిరియా సంతతి’. ‘అరబ్బు సంతతి’ అన్నా సరే. (అరబ్బు మనిషి, అరబ్బీ భాష, ఈ రెండూ కలిపేయకండి.) సంతతినీ వలసనూ కూడా ఒకే గాట కట్టకూడదు. 1989 నుంచి 1999 దాకా అర్జెంటీనా అధ్యక్షుడైన కార్లోస్ మెనెమ్ తల్లిదండ్రులు సిరియా నుంచి వెళ్లారు, ఆయన మాత్రం పుట్టిందే అర్జెంటీనాలో. అరబ్బు సంతతే, వలసవచ్చినవారు కాదు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్లు అరబ్బు సంతతివారు, హైదరాబాదీలు.

అసలు సంతతిని ఎప్పుడు చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ, నాకు అదే ముఖ్యం. కోవిడ్ కాలంలో విమాన ప్రయాణికులకు కెనడా టీకా తప్పనిసరి చేసినప్పుడు రవాణా శాఖ ఆయన చేతిలో ఉంది. ఆ వార్తలో ‘రవాణా మంత్రి అల్‌ఘబ్రా’ చాలు. ఆయన పూర్వీకుల ఊసుతో పనిలేదు. 2025లో కెనడా ఆయన్ను సిరియాకు ప్రత్యేక ప్రతినిధిగా నియమించింది. అక్కడ సంతతి చెప్పకపోతే పాఠకుడికి సగం విషయం అందదు. ఆ వాక్యం ఇలా రాయవచ్చు: ‘సిరియా సంతతికి చెందిన కెనడా మాజీ రవాణా మంత్రి ఒమర్ అల్‌ఘబ్రా సిరియాకు ఆ దేశ ప్రత్యేక ప్రతినిధిగా నియమితులయ్యారు.’ ఇందులోనూ ‘ఆ దేశ’ అన్నది సిరియాకు అంటుకునేలా ఉంది. ‘కెనడా ప్రత్యేక ప్రతినిధిగా’ అని మార్చుకోండి.