సంగీత సందేహాలు: పండగ పూట రెండో గొంతు

ప్రశ్న: మా చర్చి క్వాయర్‌లో పాడతాను. ఇటలీలోని చివిదాలె అనే ఊరి పాత ఆరాధన పుస్తకం ఫొటో ఒకటి చూశాను. ఒకే లాటిన్ పాటకి రెండు వరుసల స్వరాలున్నాయి, రెండూ అక్షరానికి అక్షరం కలిసి నడుస్తున్నాయి. 14వ శతాబ్దానికే యూరప్‌లో నాలుగు గొంతులు వేర్వేరు స్వరాలతో ఒకేసారి పాడే సంగీతం వచ్చేసిందంటారు కదండీ. మరి ఆ రోజుల్లో కూడా ఇంత తేలికపాటివి ఎందుకు రాసుకున్నారు? పెద్దవి చేతకాకనా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: చేతకాక కాదమ్మా. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే చాలాకాలం సంగీత చరిత్రకారులు కూడా వీటిని మారుమూల ఊళ్లలో మిగిలిపోయిన పాతచింతకాయ పచ్చడి కిందే లెక్కగట్టారు. ఫ్రాన్స్‌లో గియోమ్ ద మషో (మరణం 1377) నాలుగు గొంతులకు పూర్తి మాస్ (కథోలిక్ బలిపూజ పాటలు) కట్టిన శతాబ్దంలోనే స్విట్జర్లాండ్‌లోని ఎంగెల్‌బర్గ్ మఠంవాళ్లు తమ పుస్తకంలో రెండు గొంతుల పాటలు రాసుకున్నారు. ఆ పుస్తకం, 314వ నంబరు ప్రతి, ఇప్పటికీ ఆ మఠంలోనే ఉంది. మషో పాటకి ఆరితేరిన గాయకులు కావాలి, తాళం లెక్కలు తెలియాలి. మఠంలో రోజూ కీర్తనలు పాడే సన్యాసికి అవేమీ అక్కర్లేదు. అసలు పాట నోటికొచ్చి, చెవి సరిగ్గా ఉంటే చాలు.

ఎలా పాడేవాళ్లో మీరే పాడి చూడండి. శంకరాభరణం స్వరాల్లో మీ స్నేహితురాలు నిదానంగా స రి గ రి స అంటుంది. అదే చాంటు, అంటే చర్చిలో తరతరాలుగా ఒకే వరుసలో పాడే అసలు పాట. మీరు పై షడ్జంలో మొదలుపెట్టి స ద ప ద స అనండి. ఆమె ఎక్కుతుంటే మీరు దిగుతారు, ఆమె దిగుతుంటే మీరు ఎక్కుతారు. మొదట స మీద పై స. తర్వాత రి మీద ద, అంటే రి నుంచి లెక్కపెడితే పంచమం. నడిమధ్యన గ మీద ప దగ్గర ఇద్దరూ బాగా దగ్గరికొస్తారు. మళ్లీ వచ్చిన దారినే విడిపోయి చివరికి పై స, కింది స మీద నిలుస్తారు. ఈ ఐదు స్వరాలూ మీకోసం నేను అల్లినవే గాని పద్ధతి వాళ్లదే: ఎదురెదురు నడక, ఆగే చోట షడ్జమో పంచమమో. మా పిల్లలచేత పాడించినప్పుడు ఆ చివరి స దగ్గర గది గోడలు కూడా శ్రుతి పట్టినట్టుంటుంది. తేలిక అన్నమాట కాగితం మీదే. శ్రుతి ఒక్క వెంట్రుకవాసి జారినా దాక్కోవడానికి చోటుండదు ఇందులో.

ఇంకో సంగతి. 1324-25 ప్రాంతంలో అప్పట్లో పోపులుండే ఫ్రాన్స్ ఊరు అవిన్యోఁ నుంచి పోప్ 22వ జాన్ ఒక శాసనం ఇచ్చాడు. చాంటుని ముక్కలు చేసి చిన్నచిన్న స్వరాలతో నింపేస్తున్నారని కొత్త బాణీ గాయకుల మీద మండిపడ్డాడు. అదే శాసనంలో, పండగ రోజుల్లో అసలు పాట చెడకుండా దానిమీద అష్టమం (స మీద పై స లాంటిది), పంచమం, చతుర్థం వంటి పొత్తు స్వరాలు అప్పుడప్పుడు కలుపుకోవచ్చని ఒప్పుకున్నాడు. మీరు ఫొటోలో చూసింది ఈ కోవలోదే. ఆ రెండో గొంతు ఆ రోజు పండగ అని చెప్పే అలంకారం. అందుకే ఇవి ఎక్కువగా ప్రార్థన ముగింపులో వచ్చే 'బెనెదికామూస్ దోమినో' (ప్రభువును స్తుతించుదము) మీద, ఊరేగింపు పాటల మీద, క్రిస్మస్ రాత్రి చదివే పాఠాల మీద కనిపిస్తాయి. చివిదాలె ఊరేగింపు పుస్తకాల్లో 'సుబ్మెర్సూస్ యాచెత్ ఫరావొ' అనే పాట ఉంది. ఎర్ర సముద్రంలో మునిగిన ఫరో కథ, మీకు తెలిసిందే.

వీటిని పుస్తకాల్లో ఎక్కడ రాశారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. చాలాసార్లు పుస్తకమంతా మామూలు చాంటే. ఆఖర్న మిగిలిన ఖాళీ పేజీలోనో, అంచులోనో తర్వాతి తరంవాళ్లెవరో రెండో గొంతు ఎక్కించి పెట్టారు. 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని పాడువా పండితుడు ప్రోస్దోచిమో ఈ రకం పాటని 'కాంటుస్ ప్లానుస్ బినాతిమ్', అంటే ఇద్దరిద్దరుగా పాడే సాదా చాంటు అని ప్రస్తావించాడు. పేరు పెట్టి చెప్పుకునేంత వాడుకలో ఉన్నా రాత ప్రతులు తక్కువే దొరికాయంటే ముఖ్య కారణం ఇది: ఎక్కువ భాగం చెవితోనే పాడేవాళ్లు. కొత్తవాళ్లకి నేర్పాలనో, మరిచిపోతామనో అనుకున్నవే కాగితానికెక్కాయి. కాబట్టి దొరికిన ప్రతుల్ని బట్టి 'ఇంతే పాడారు' అని తేల్చకూడదు.

ప్రశ్న: ఇలాంటి పాట ఇప్పటికీ ఎక్కడైనా బతికుందా?
– మరో పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఐస్‌లాండ్‌లో ఉంది. అక్కడ త్వీసోంగుర్ అంటారు, జంటపాట. ఒకరు అసలు పాట పట్టుకుంటే రెండోవారు పంచమం దూరంలో వెంట నడుస్తారు. మధ్యలో రెండు గొంతులూ ఒకదాన్నొకటి దాటుకుని కిందిది పైకీ, పైది కిందికీ మారిపోతాయి. 19వ శతాబ్దంలో చర్చిల్లో ఆర్గన్లు, కొత్తరకం కీర్తనలు వచ్చాక ఇది వెనకబడింది. సిగ్లుఫ్యోర్దుర్ ఊరి పాస్టరు బ్యార్ని థోర్‌స్టెయిన్సన్ సేకరించి 1906-09లో అచ్చువేసిన జానపద గీతాల సంపుటంలో ఇవి చోటుచేసుకున్నాయి. 'ఈస్‌లాండ్ ఫార్సేల్దా ఫ్రోన్' అనే పాట వినండి. మొదటిసారి పాట వైపు కాకుండా, కింది గొంతు పైకి దాటే చోటు మీద చెవి పెట్టండి.