వానకోటు కోసం లోన్ యాప్ దాకా వెళ్లాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఎరువులు, పురుగుమందులు అమ్మే కంపెనీలో సేల్స్ ఉద్యోగిని. బండి మీద కాశీనగరం, గుణుపురం, ఇటు పాతపట్నం, మెళియాపుట్టి దాకా తిరుగుతాను. నెలకు చేతికి 31 వేలు వస్తాయి. అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు నా మీదే ఆధారపడి ఉన్నారు. అద్దె, బండి వాయిదా, పిల్లల చదువు, కిరాణా, మందులు కలిపి 22 వేలు తప్పవు. ఖాతాలో 9 వేలు ఉన్నాయి. నెలకు 3 వేల చొప్పున 20 నెలల చీటీలో 15 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. పదిహేడేళ్ల కిందట కొన్న రబ్బరు పూత పొడుగు వానకోటు మడతల దగ్గర పగిలి కారుతోంది. బజారులో 700కు దొరికేది ఒక్క వానాకాలం కూడా నిలవడం లేదు. అందుకని ఆన్‌లైన్‌లో 21,600కు గాబర్డీన్ బట్టతో కుట్టిన పొడుగు ట్రెంచ్ కోటు చూశాను. కార్డు మీద 15 వేలు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 1,250 కట్టగలను. మిగతా 6,600కు ఒక లోన్ యాప్ 7,500 మంజూరు చేసి, 900 పట్టుకుని, 30 రోజుల్లో 7,500 కట్టమంటోంది. పదిహేడేళ్లు వాడితే ఏడాదికి 1,270 మాత్రమే కదా? లేక చీటీ పాడి కొనుక్కోమంటారా?

జవాబు: కోటు గురించి వచ్చిన ఉత్తరానికి ఇంత చోటు ఎందుకంటే, మీరు వేసిన ‘ఏడాదికి ఇంత’ అన్న లెక్క ఈ మధ్య ఫోను కొనేవారి దగ్గర, సోఫా కొనేవారి దగ్గర, బండి మార్చేవారి దగ్గర, అందరి దగ్గరా వినిపిస్తోంది. చేతిలో డబ్బు ఉండి, దానితో రెండింటిలో ఏది కొనాలా అని ఆలోచించేవారికి ఆ లెక్క సరైనదే. అప్పు చేసి కొనేవారికి అది పనికిరాదు, ఎందుకంటే కోటు పదిహేడేళ్లలో అరగవచ్చు గాని దాని ధర మాత్రం పన్నెండు నెలల్లోనే, అందులోనూ మూడో వంతుకు పైగా మొదటి నెలలోనే, మీ జేబులోంచి పోతుంది. మొదటి నెల లెక్క వేయండి: యాప్‌కు 7,500, కార్డుకు 1,250, మొత్తం 8,750. మీ ఖాతాలో ఉన్నది 9,000. ఆ రెండూ అందులోంచే కడితే నెల ముగిసేసరికి ఐదుగురున్న కుటుంబానికి అండగా 250 రూపాయలు మిగులుతాయి. ఆ వారం అమ్మగారికి జ్వరం వచ్చినా, బండి ఇంజను మొరాయించినా మళ్లీ ఇంకో యాప్ తెరవక తప్పదు.

ఆ యాప్ అప్పు గురించి మర్యాదగా రాయడం నాకు కష్టంగా ఉంది. చేతికి వచ్చేది 6,600, నెల తిరిగేసరికి దాని మీద కట్టేది 900. నెలకు 13 శాతం పైమాటే, ఏడాదికి చూస్తే 160 శాతం దాటుతుంది. పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అడిగేవాణ్ణి మనం రక్తం పీల్చేవాడంటాం, అతని కంటే ఇది నాలుగు రెట్లు ఎక్కువ. ప్రాసెసింగ్ ఫీజు అని పేరు మార్చినంత మాత్రాన అది వడ్డీ కాకుండా పోదు. అన్ని ఖర్చులనూ కలిపిన వార్షిక రేటును అప్పు ఇచ్చే ముందే పత్రంలో చూపించాలని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. మీకు ఆ పత్రం చూపించారా? చూపించినా మీరు చదవకుండా కిందికి జరిపేశారని నా అనుమానం.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అన్నది అసలు లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీ బిల్లులోనే పడతాయి. ఆ మొత్తం చిన్నదే, నా భయం దాని గురించి కాదు. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది, అప్పటి నుంచి ఆ కార్డు మీద కొనే పప్పూ ఉప్పుకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు. ఖాతాలో 250 రూపాయలున్న మనిషికి ఒక్క నెల తప్పడం అరుదైన సంగతేమీ కాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపరిచింది ఆ 9 వేలు. నెలకు తప్పని ఖర్చు 22 వేలైతే, 9 వేలు పన్నెండు రోజులకు వస్తాయి. మీరున్నది ఏ జిల్లాలో? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఒడిశాలో అందరికంటే ఎక్కువ ప్రాణనష్టం చూసింది గజపతి జిల్లాయే. కొండచరియలు విరిగి ఊళ్ల మీద పడ్డాయి. అంతకు ముందు 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2021 సెప్టెంబరు చివర గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. అలాంటి తుపాను వచ్చిన నెలలో మీరు తిరిగే దారులన్నీ మూతపడతాయి, రైతు బాకీ కట్టడు, డీలరు కొత్త సరుకు ఎత్తడు, మీ ఇన్సెంటివ్ సున్నా అవుతుంది. బండి వాయిదా మాత్రం తేదీకి వచ్చి నిలబడుతుంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉండి, జీతంలో కొంత భాగం అమ్మకాల మీద ఆధారపడినవారికి మూడు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి చాలదు, కనీసం నాలుగు నెలలది ఉండాలి, అంటే మీకు 88 వేలు. అది కోటు కంటే ముందు, పండగ బట్టల కంటే ముందు, ఏ పెట్టుబడి కంటేనైనా ముందు సమకూరాలి.

అది అసాధ్యమేమీ కాదు. నెలకు 1,250 కట్టగలనని మీరే రాశారు. ఆ సొమ్మును ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పన్నెండు నెలలకు 15 వేలు, పైన కొంత వడ్డీ. చీటీ ఇప్పుడు పాడవద్దు, మిగిలింది ఐదు నెలలే గనుక చివరిదాకా ఆగితే కమిషను పోను యాభై వేలకు పైగా చేతికి రావాలి. అది రాగానే కోటుకో, ఫ్రిజ్‌కో, చుట్టాల పెళ్లికో మళ్లించకుండా, జీతం పడే ఖాతా కాకుండా వేరే ఖాతాలో, ఏటీఎం కార్డు లేకుండా వేయండి. చీటీ అయిపోయాక ఖాళీ అయ్యే నెలకు 3 వేలను మిగిలిన ఏడు నెలలూ అదే ఖాతాకు పంపితే 21 వేలు. ఏడాది తిరిగేసరికి 88 వేల గీత దాటుతారు. ఒక్క జాగ్రత్త: ఆ చీటీ రిజిస్టరు అయినదో కాదో మీరు రాయలేదు. తెలిసినవారి దగ్గర నోటిమాట మీద నడిచేదైతే, డబ్బు చేతికి వచ్చేదాకా దాన్ని నిధిలో లెక్కపెట్టకండి.

బీమా గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. వానలో రోజంతా బండి మీద తిరిగేవారు ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) తీసుకోకపోవడాన్ని నేను అర్థం చేసుకోలేను. రెండింటికీ గడువు మే 31తో ముగుస్తుంది గనుక, ఖాతాలోంచి ఈ ఏడాది ప్రీమియం కోసుకున్నారో లేదో పాసుబుక్‌లో ఇవాళే చూడండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. నిధి సగానికి రాగానే కుటుంబానికి ఒకటి తీసుకోండి. మీ వైపువారు పెద్ద జబ్బంటే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళతారు కాబట్టి, అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే పాలసీయేనా అని ముందే అడగాలి.

ఇప్పుడు కోటు సంగతి. మీరు చూసిన ట్రెంచ్ కోటు మీ పనికి రాదన్నది ధరతో సంబంధం లేని మాట. గాబర్డీన్‌ను 1879లో థామస్ బర్బెరీ రూపొందించాడు. ఒత్తుగా నేసిన ఆ బట్ట ఇంగ్లండు తుంపరకు, గాలికి ఆగుతుంది. జూలైలో మహేంద్రతనయ నదిని పొంగించే వానలో, అదీ బండి వేగానికి ఎదురుగా కొట్టే జల్లులో, కాసేపటికి తడిసి బరువెక్కుతుంది. మీ పాత కోటు వేరే జాతిది. 1920లో సురేంద్రమోహన్ బోస్ కలకత్తాలో మొదలుపెట్టిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వారి డక్‌బ్యాక్ కోట్లు తూర్పు భారతంలో ప్రసిద్ధి కెక్కినది ఈ రబ్బరు పూత వల్లనే. నీరు చొరబడనివ్వదు, బరువుగా ఉంటుంది, చెమట పోస్తుంది, ఎండలో మడత పెట్టి ఉంచితే, పెట్రోలు, నూనె తగిలితే పాడవుతుంది. పగులు చిన్నదైతే సైకిలు పంక్చరు దుకాణంలో రబ్బరు సొల్యూషన్‌తో లోపలి వైపు అతుకు వేయించండి. ఈ వానాకాలం గడిచిపోవచ్చు.

అతుకు నిలవకపోతే 2,000 నుంచి 2,300 మధ్యలో చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండే బండి వానదుస్తులు కొనండి, నగదుతోనే. పొడుగు కోటు బండి మీద తొడల మధ్య నీళ్లు నిలిపేస్తుంది, అంచు చక్రంలో చిక్కుకునే ప్రమాదమూ ఉంది. కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే కుట్లను చూడండి: లోపలి వైపు ప్రతి కుట్టు మీదా టేపు అతికించి ఉండాలి, జిప్పు మీద మడత ఉండాలి, వీపున వెలుతురుకు మెరిసే పట్టీ ఉండాలి. 700 కోటు మొదట కారేది ఆ టేపు లేని కుట్ల దగ్గరే. తడిసిన దాన్ని నీడలో ఆరబెట్టి, మడవకుండా హ్యాంగరుకు వేలాడదీస్తే నాలుగేళ్లు వాడుకోవచ్చు. మీ పద్ధతిలోనే లెక్కేసినా ఏడాదికి 600 కూడా పడదు.

యాప్‌లో మంజూరుకు ఇంకా ఒప్పుకోకపోతే అక్కడితో ఆపి, మీ కాంటాక్టులకు, ఫొటోలకు ఇచ్చిన అనుమతులు తీసేసి, తర్వాత యాప్‌ను తొలగించండి. ఈ ఉత్తరం వేశాక డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే ఖర్చు పెట్టకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం జరిమానా లేకుండా అప్పు వెనక్కి ఇచ్చే గడువు ఒకటి ఉంటుంది, అది ఎన్ని రోజులో మీ ఒప్పంద పత్రంలో ఉండాలి. ఆ లోపల అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టి రసీదు తీసుకోండి. ఒప్పుకోకపోతే రిజర్వు బ్యాంకు ‘సచేత్’ వేదికలో ఫిర్యాదు నమోదు చేయండి.