మెషిన్ ఆగిన రోజు ప్యానెల్ చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మీ మామయ్య ఆశీస్సులు. నువ్వు సొరంగం తవ్వే మెషిన్ (టీబీఎం) మీద ఎలక్ట్రికల్ ఇంజినీరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంగానే చెప్పింది కానీ గొంతులో భయం తెలుస్తూనే ఉంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయిన సంగతి ఆమె మరచిపోలేదు. నేనూ మరచిపోలేదు. కొండే విరుచుకుపడితే మన కంట్రోల్ కార్డులు, సెన్సర్లు ఆపలేవురా. కానీ గ్యాస్ వస్తే కరెంటు తీసేసేవి, నీరు పెరిగితే పంపు నడిపేవి, మనిషి బటన్ నొక్కగానే బెల్టు ఆపేవి అవే. వాటిని బతికించుకోవడమే నీ పని.

సొరంగంలో వేడి, సిమెంటు దుమ్ము, హైడ్రాలిక్ ఆయిల్, కటర్ హెడ్ రాయిని కొరుకుతుంటే వచ్చే అదురు, అన్నీ ఉంటాయి. అన్నిటికంటే నేను భయపడింది చెమ్మకి. నాకు ఈ పాఠం నేర్పింది ఒక షట్‌డౌన్. కటర్లు మార్చడానికి మెషిన్ రెండు రోజులు ఆపాం. అంతకుముందు వరకు ఒక్క ఫాల్ట్ లేదు. తిరిగి స్టార్ట్ చేస్తే, ఎవరూ నొక్కని స్విచ్‌లు నొక్కినట్టు సిగ్నల్స్ వస్తున్నాయి. ఆ కార్డులు, వైర్లు ఉండే డబ్బా, అదే ప్యానెల్, తెరిస్తే లోపల పైరేకుకి నీటి బొట్లు వేలాడుతున్నాయి. పైనుంచి ఎక్కడా కారలేదు. ప్యానెలే ఆ నీటిని లోపలికి పీల్చుకుంది.

ఎలాగంటావా? మెషిన్ నడిచేటప్పుడు ప్యానెల్‌లో గాలి 50 డిగ్రీలకు వేడెక్కిందనుకో. ఆపేశాక బయటి 30 డిగ్రీలకు చల్లారితే ఆ గాలి దాదాపు 6 శాతం కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి వదులుగా ఉన్న ఏ గ్లాండ్ (కేబుల్ లోపలికి దూరే చోట బిగించే సీలు) నుంచైనా తడిగాలి లోపలికి వస్తుంది. గ్లాండ్ మీద నీళ్లు నిలిచి ఉంటే ఆ నీళ్లే వస్తాయి. అందుకే లోపల హీటర్ పెట్టించు. దాని సప్లై మాత్రం మెయిన్ స్విచ్‌కి (ఐసోలేటర్‌కి) ముందునుంచి, విడి బ్రేకర్‌తో తీసుకో. మెషిన్ ఆపగానే ఆగిపోయే హీటర్ ఉన్నా లేనట్టే. ఆ లైన్ ఇంకా లైవ్‌లో ఉందని తలుపు మీద రాయించడం మరవకు. గాలిని పోనిచ్చి నీటిని ఆపే బ్రీదర్ ప్లగ్ పెట్టు. కేబుల్‌ని కిందనుంచే తీసుకెళ్లు, గ్లాండ్‌కి ముందు కాస్త కిందికి వేలాడేలా వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. వాడని రంధ్రానికి టేపు కాదు, అసలైన ప్లగ్గే బిగించు.

డబ్బా మీద ఐపీ67 అని చూసి నిశ్చింతగా ఉండకు. మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుందని దాని అర్థం. అది గ్లాండ్లన్నీ సరిగ్గా బిగించిన కొత్త డబ్బాకి చేసిన పరీక్ష. మీ హెల్పర్ ప్రెషర్ వాషర్‌తో బురద కడుగుతూ కనెక్టర్ మీదికి గురిపెడితే ఆ నంబరు నిన్ను కాపాడదు.

ఇంకో మాట జాగ్రత్తగా విను. సందులు మూయడానికి అందరూ సిలికాన్ ట్యూబ్ అందుకుంటారు. వేడి పూసతో పనిచేసే మీథేన్ సెన్సర్‌కి సిలికాన్ ఆవిరి విషం. పూస చచ్చిపోయాక గ్యాస్ ఉన్నా అది సున్నానే చూపిస్తుంది. స్క్రీన్ మీద సున్నా చూసి అందరూ ధైర్యంగా పనిచేసుకుంటారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది. సిలికాన్ స్ప్రే, సీలెంట్ వాటి దగ్గరికి రానీయకు. టెస్ట్ గ్యాస్ పట్టి చూడకుండా ఏ సెన్సర్‌నీ నమ్మకు.

అదురుకి వైర్లు వదులవుతాయి కాబట్టి ప్రతి కొనకి ఫెర్రూల్ (చిన్న లోహపు తొడుగు) క్రింప్ చెయ్యి, వీలైతే స్ప్రింగ్ టెర్మినల్స్ అడుగు. కార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కాన్ (CAN) లైన్‌లో ఫాల్ట్ వస్తూ పోతూ ఉంటే కార్డు మార్చేముందు పవర్ తీసి రెండు వైర్ల మధ్య ఓమ్స్ చూడు. రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటే నీకు 60 రావాలి. 120 చూపిస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, లేదా వైరు తెగింది. దగ్గర్లో వెల్డింగ్ ఉంటే కంట్రోలర్ కనెక్టర్లు తీయించు, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే చోటికి ఆనుకునే పెట్టించు. కేబుల్ ఇన్సులేషన్‌ని మెగ్గర్‌తో, అంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, పరీక్షించేముందు కార్డులు విడదీయి.

షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి "తవ్వకం మీటర్లు పడట్లేదు, ఆ ఇంటర్‌లాక్ బైపాస్ చెయ్యి" అంటాడు. ప్రమాదం ఉంటే మెషిన్‌ని ఆపే రక్షణే ఆ ఇంటర్‌లాక్. చెడ్డవాడు కాదు, అతని టెన్షన్ అతనిది. అయినా ఒప్పుకోకు. ఎందుకు ట్రిప్ అయిందో నాతోపాటు వచ్చి చూడండి అని అడుగు. నేనొకసారి మొహమాటపడి జంపర్ వైరుతో దాన్ని బైపాస్ చేశాను. రెండు షిఫ్టుల తర్వాత కూడా అది అలాగే ఉంది. ఆ బెల్టు దగ్గర ఒక కుర్రాడి చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది.

స్పేర్ కార్డులు ప్రోగ్రామ్ ఎక్కించి, సిలికా జెల్‌తో సీలు చేసిన కవర్లలో మెషిన్ మీదే ఉంచుకో. ఎస్ఎల్‌బీసీ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తవ్వలేదు. అలాంటి చోట కార్డు కోసం లోకో (సొరంగంలో నడిచే చిన్న రైలు) ఎక్కి బయటికెళ్లి వచ్చేసరికి సగం షిఫ్ట్ పోతుంది.

చేరిన వారంలో ప్రతి ప్యానెల్‌కీ తలుపు రబ్బరు, గ్లాండ్లు, హీటర్ బ్రేకర్ కనిపించేలా ఫోటోలు తీసుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య