లైట్లు ఆగిపోతే మీవాడేం చేస్తున్నాడు?

అమ్మా, గాజువాక నుంచి మీరు రాసింది చదివాను. బాబు టెన్త్, పాకెట్ మనీ అంతా ఎల్‌ఈడీలకీ తొమ్మిది వోల్టుల బ్యాటరీలకీ తగలేస్తున్నాడు, పది లైట్లు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తేలా చేశాడు, ఇప్పుడేమో పాలిటెక్నిక్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, అంటున్నాడు, వాళ్ళ నాన్నగారు ఇంటర్ ఎంపీసీయే అంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు.

ముందు ఒకటి చెప్తాను, టిక్కుటిక్కుమని పల్సులిచ్చే 555 టైమరూ, ఒక్కో పల్సుకీ ఒక్కో లైటు మార్చే 4017 ఐసీ పెట్టి లైట్లు పరిగెత్తించడం వీడియో చూసి ఎవరైనా చేసేస్తారు. దాన్ని బట్టి కోర్సు డిసైడ్ చెయ్యకండి. "నాన్నా, స్పీడు సగానికి తగ్గించు" అని అడిగి చూడండి, ఫోన్ చూడకూడదు. 555 దగ్గరున్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసి 22ది పెట్టాలని, కెపాసిటర్ పెద్దదైతే పల్సులు నెమ్మదిస్తాయని వాడికే తడితే విషయం బుర్రకెక్కినట్టే. నేనైతే ఎనిమిదో క్లాసులో ఎల్‌ఈడీని రెసిస్టర్ లేకుండా 9 వోల్టులకి తగిలించి టప్పున కాల్చేశాను. అప్పుడర్థమైంది కరెంటుని అదుపులో పెట్టే 470 ఓమ్స్ రెసిస్టర్ ఎందుకు పెడతారో: ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర 2 వోల్టులు పోతాయి, మిగిలిన 7ని 470తో భాగిస్తే సుమారు 15 మిల్లీయాంపులు. టెన్త్ ఫిజిక్సులో ఓమ్ నియమమే కదా ఇది, వాడికి ఆ చాప్టర్లో మార్కులు ఎలా వస్తున్నాయో కూడా చూడండి.

చదువు సంగతికొస్తే, డిప్లొమా 3 ఏళ్ళు, తర్వాత ఈసెట్ రాసి ర్యాంకొస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అంటే మొత్తం ఆరేళ్ళు, ఇంటర్ మీదుగా వెళ్ళినా ఆరే, ఏడాదేం పోదు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్ రాయించండి, కంచరపాలెం గవర్నమెంట్ పాలిటెక్నిక్‌కి మీ దగ్గర నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు. ఐఐటీ మీద ఆశుంటే మాత్రం వాళ్ళ నాన్నగారు చెప్పిందే దారి. మ్యాథ్స్ తప్పించుకోడానికి పాలిటెక్నిక్ అంటున్నాడేమో కూడా కనుక్కోండి, అక్కడ ఫస్టియర్ నుంచే మ్యాథ్స్ ఉంటుంది మరి.

ఖర్చు గురించి, పెన్సిల్ సెల్సు నాలుగు హోల్డర్‌లో వేస్తే 6 వోల్టులు వస్తుంది, 555కి 4.5 ఉన్నా చాలు, పైగా ఎక్కువ రోజులొస్తాయి. బ్యాటరీతో ఎంతైనా ఆడుకోనివ్వండి, చవితి పందిట్లో సీరియల్ సెట్లు బాగుచేస్తానంటే మాత్రం వద్దనండి, అది 230 వోల్టుల కరెంటు.

ఇంకో పని, మీకు నవ్వొస్తుందేమో. వాడు ట్యూషన్‌కెళ్ళాక బ్యాటరీ తీసేసి, 4017 మీద ఒక చివరన్న గాటు ఎడమవైపుకి వచ్చేలా పెట్టుకుని పై వరసలో ఎడమ నుంచి నాలుగో కాలు, అదే పదమూడో పిన్ను, దాన్నుంచి మైనస్‌కెళ్ళే వైరు పీకేసి మళ్ళీ బ్యాటరీ పెట్టేయండి. ఆ పిన్ను గాల్లో ఉంటే లైట్లు ఒకోసారి ఆగిపోతాయి, చెయ్యి దగ్గరకి తెస్తే పిచ్చిపిచ్చిగా కదుల్తాయి. వాడొచ్చి బ్యాటరీ అయిపోయింది డబ్బులివ్వు అంటే వాడిది ఇంకా ఉత్త సరదానే అనుకోండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని పిన్ను పిన్నూ చూసుకుంటూ అన్నానికి పిలిచినా లేవకపోతే ఈసీఈలో వెయ్యండి. పీకింది మీరేనని మాత్రం రెండ్రోజులు చెప్పకండి.