‘కలిపి’ అంటే కూడాలా, కుట్టాలా?

సందేహం: మా సహకార సంఘం జమాఖర్చులు నెలకొక షీటు చొప్పున కంప్యూటర్‌లో ఒకే ఎక్సెల్ ఫైలులో ఉంటాయి. సర్వసభ్య సమావేశానికి ముందు మా గుమాస్తాకు ‘పన్నెండు షీట్లనూ కలిపి ఒకే ముద్రించదగిన పత్రంగా ఇవ్వండి’ అని రాసి పంపాను. ఆయన పన్నెండు నెలల అంకెలూ కూడి ఒకే ఒక్క కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు కావలసింది పన్నెండు షీట్లూ వరుసగా ఉండే ఒక పీడీఎఫ్. తప్పు నా తెలుగుదా, ఆయన అవగాహనదా? ‘కలిపి’కి బదులు విలీనం, క్రోడీకరణ, సంకలనం వంటి మాట వాడి ఉంటే ఈ చిక్కు తప్పేదా?

సమాధానం: గుమాస్తాను ఏమీ అనకండి. మీ వాక్యానికి ఆయన చెప్పుకున్న అర్థం అచ్చంగా తెలుగువాళ్ళు చెప్పుకునేదే. కిరాణా కొట్టులో సరుకులు కట్టించుకొని ‘అన్నీ కలిపి ఎంతయింది?’ అని అడుగుతాం. కొట్టు యజమాని ఉప్పూ పప్పూ చింతపండూ ఒకే సంచిలో కుమ్మరించి చూపడు, మొత్తం వేసి అంకె చెబుతాడు. అంకెల పక్కన నిలబడితే చాలు, ‘కలిపి’ కూడిక అయిపోతుంది. మీ షీట్ల నిండా ఉన్నవి అంకెలే కదా! వాటిలో సభ్యుల చిరునామాలు ఉండి ఉంటే, ఆయనకు కూడాలన్న ఊహే వచ్చేది కాదు.

అంకెల సంగతి పక్కన పెట్టినా ‘కలుపు’ కొంచెం జాగ్రత్తగా వాడవలసిన క్రియ. ‘కలియు’కు ప్రేరణరూపం అది. పాలలో నీళ్ళు కలుపుతాం, అన్నంలో పప్పు కలుపుతాం. కలిపాక ఏది ఏదో విడదీయలేం. చేతులు కలిపినవాళ్ళు ఒక పక్షమవుతారు. అవే చేతులు ‘జోడిస్తే’ నమస్కారం. రెండు అరచేతులూ దేనికది ఉంటుంది, పక్కపక్కన చేరతాయంతే. విభక్తులు చూసినా ఈ తేడా కనిపిస్తుంది. ఒకదానిలోనో, ఒకదానితోనో కలుపుతాం. ఒకదానికి చేరుస్తాం, జోడిస్తాం. ‘లో’ వచ్చిన చోట ఒకటి మరొకదాని కడుపులోకి పోతుంది. ‘కు’ వచ్చిన చోట పక్కకు వచ్చి నిలబడుతుంది.

ఇక మీరు సూచించిన మూడు మాటలు. క్షమించాలి, మూడూ మిమ్మల్ని ఇంకా లోతు నీళ్ళలోకి దించేవే.

‘విలీనం’లో లీనమవడం ఉంది, అంటే కరిగిపోవడం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంకు అది. ఖాతాలూ శాఖలూ మిగిలాయి, పేరు మాత్రం బోర్డుల మీద నుంచి దిగిపోయింది. విలీనం అంటే అదీ. మీ జూన్ షీటు జూలై షీటులో విలీనమైతే జూన్ ఎక్కడ వెతుక్కుంటారు? ఎక్సెల్‌లోనూ అంతే. నాలుగు గడులను ‘మెర్జ్’ చేస్తే ఎడమవైపు పై గడిలోనిది ఒక్కటే నిలుస్తుంది, మిగిలిన మూడింటిలో రాసినవి పోతాయి. ఆ ఆదేశానికి విలీనం అన్న అనువాదం మాత్రం చక్కగా అతుకుతుంది.

‘క్రోడీకరణ’ అందమైన మాట. సంస్కృతంలో క్రోడం అంటే రొమ్ము, ఒడి; క్రోడీకరణం అక్కున చేర్చుకోవడం. (అడవిపందికీ అదే పేరు. ఆ జోలికి మనం వెళ్ళవద్దు.) తెలుగు కార్యాలయాల్లో మాత్రం అది చెల్లాచెదురుగా ఉన్న వివరాలను ఒక్క పట్టికలోకి తెచ్చే పని. మండలాల నివేదికలు క్రోడీకరించి జిల్లా నివేదిక తయారు చేస్తారు, అందులో మండలాల కాగితాలు యథాతథంగా ఉండవు. ఎక్సెల్‌లో ‘కన్సాలిడేట్’ అని ఒక ఆదేశం ఉంది. మనం వేరే ఏదీ ఎంచుకోకపోతే అది వేర్వేరు షీట్లలోని అంకెలను కూడి ఒక షీటులో వేస్తుంది. మీరు ‘క్రోడీకరించండి’ అని రాసి ఉంటే గుమాస్తా చేసిన పని తప్పు అనడానికి సందు కూడా ఉండేది కాదు.

‘సంకలనం’ మరీ మోసకారి. కథల సంకలనంలో ఏ కథ ఆ కథగానే ఉంటుంది, మీకు కావలసింది సరిగ్గా అదే. కానీ లెక్కల పుస్తకంలో సంకలనం అంటే కూడిక, వ్యవకలనం అంటే తీసివేత. జమాఖర్చు చేతిలో పట్టుకున్న మనిషికి ఈ రెండింటిలో ఏది ముందు గుర్తుకొస్తుందో మీరే చెప్పండి.

మరి ఏ మాట వాడాలి? నన్నడిగితే ‘కూర్చు’. ఇందులో ఒక తమాషా ఉంది. ఇది ‘కూడు’కు ప్రేరణరూపం. కూడితే అంకెలు ఒక్కటవుతాయి. కూర్చితే పూలు దండ అవుతాయి, ఏ పువ్వు ఆ పువ్వుగానే, పెట్టిన వరుసలోనే ఉంటుంది. మన పూర్వులు తాటాకు పుస్తకం చేసిన తీరూ ఇదే. ఆకులకు రంధ్రం చేసి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి కట్టేవారు. ఏ ఆకు మీది రాత ఆ ఆకు మీదే, కట్ట మాత్రం ఒక్కటి. మీరు అడిగినది అటువంటి కట్ట. అయితే కార్యాలయం చీటీలో ‘కూర్చండి’ అని రాస్తే కవిత్వం వాసన వస్తుందని జంకేవారికి ‘చేర్చు’ ఉంది. ‘వరుసగా చేర్చి’ అంటే ఎవరూ కూడరు.

‘షీటు’ను తెలుగు చేయలేదని నొచ్చుకోకండి. ఛార్జిషీటునూ బ్యాలెన్స్ షీటునూ పేపర్లలో రోజూ చదువుతున్నాం. ‘పుట’ అందామంటే కుదరదు. ఎక్సెల్ షీటు ఒక్కొక్కదానిలో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు పడతాయి. అచ్చులో అది ఎన్ని పుటలవుతుందో అందులో నింపినదాన్ని బట్టి ఉంటుంది. ‘పత్రం’ అందామంటే ‘పత్రాలన్నిటినీ ఒకే పత్రంగా’ అని రాయవలసి వస్తుంది. పత్రమంటే మొదట ఆకే అయినా, ఇప్పుడు అది దస్తావేజు, విజ్ఞాపన, ప్రశ్నల కాగితం అన్నీ అయింది.

చివరగా ‘ముద్రించదగిన’. వ్యాకరణం ప్రకారం దోషం లేదు. ‘ముద్రించడానికి’ అనే అర్థమిచ్చే ‘ముద్రించన్’ అనే తుమున్నంత రూపానికి ‘తగిన’ చేరి, త కాస్తా ద అయింది. చిక్కు అర్థంలో ఉంది. ‘తినదగిన పుట్టగొడుగు’ అంటే తినడానికి పనికివచ్చేది. ‘చదవదగిన పుస్తకం’ అంటే చదివి తీరవలసినంత మంచిది. ‘ముద్రించదగిన పత్రం’ రెండో వైపు మొగ్గుతుంది, సంపాదకుడు కథను మెచ్చుకున్నట్లు. మీ జమాఖర్చులకు ఆ మెప్పు అవసరం లేదు. పైగా ముద్రణ అన్నా, అచ్చువేయడం అన్నా ప్రెస్సు గుర్తుకొస్తుంది. కార్యాలయంలో మనం చేసేది ప్రింటు ‘తీయడం’. ఫొటో తీసినట్లు, జిరాక్స్ తీసినట్లు ఈ ‘తీయు’ తనంతట తానే వచ్చి కుదురుకుంది. ఎవరూ చెప్పకుండా జనం కుదిర్చిన మాటను పండితులు మార్చబోవడం వృథా శ్రమ.

కాబట్టి వచ్చే ఏడాది చీటీ ఇలా రాయండి: ‘ఏప్రిల్ నుంచి మార్చి వరకు పన్నెండు షీట్లనూ వరుసగా చేర్చి, ప్రింటు తీయడానికి వీలుగా ఒకే పీడీఎఫ్‌గా ఇవ్వండి. ఏ నెల లెక్క ఆ నెలదిగానే ఉండాలి.’ ఈ ఏడాది ఆయన వేసిన మొత్తాల కాగితాన్ని పారేయకండి. దాన్ని పదమూడోదిగా చివర చేర్చండి, సభ్యులు అడిగేది ఎలాగూ దాన్నే.