సందేహాలు – సమాధానాలు: విండోస్ డొమైన్‌లో లినక్స్ లాగిన్లు

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కళాశాలలో విద్యార్థుల, అధ్యాపకుల ఖాతాలన్నీ విండోస్ సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీలో (ఖాతాలను, కంప్యూటర్లను ఒకేచోట నిర్వహించే వ్యవస్థ) ఉన్నాయి. ఈ ఏడాది ల్యాబులోని కంప్యూటర్లలో విండోస్‌తో పాటు ఉబుంటు లినక్స్‌ను కూడా వేసి, అదే డొమైన్‌లో (ఆ డైరెక్టరీ కిందికి వచ్చే కంప్యూటర్ల, ఖాతాల సముదాయం) చేర్చాము. డైరెక్టరీలోని ఖాతాలను లినక్స్ గుర్తించేలా చేసే ప్రోగ్రాములుగా మొదట కొన్నింటికి విన్‌బైండ్‌ను, తర్వాత మిగిలిన వాటికి ఎస్‌ఎస్‌ఎస్‌డీని వాడాము. నిన్న లాగిన్ అయిన కంప్యూటరే ఈ రోజు సరైన పాస్‌వర్డును తిరస్కరిస్తోంది. అదీగాక, హోమ్ డైరెక్టరీలు (ఒక్కొక్కరి సొంత ఫోల్డర్లు) నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో ఉండగా, ఒక విద్యార్థి ఫైళ్లు మరో కంప్యూటర్ నుంచి చూస్తే ఇంకొకరి పేరు మీద కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడుంది?
— ల్యాబ్ నిర్వాహకుడు, ఘట్‌కేసర్

జవాబు: ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమస్యలు. వాటిని విడదీసి చూడకపోతే, ఒకదానికి చేసిన మరమ్మతు పని చేయలేదని మీరు రెండోదాన్ని మరింత చెడగొట్టే ప్రమాదముంది.

లాగిన్ తిరస్కరణకు నేను మొదట అనుమానించేది గడియారాన్ని. యాక్టివ్ డైరెక్టరీ పాస్‌వర్డులను సరిచూసేది కెర్బరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతిలో. సర్వర్ సమయానికీ కంప్యూటర్ సమయానికీ మధ్య తేడా 5 నిమిషాలు దాటితే, పాస్‌వర్డు ఎంత సరైనదైనా కెర్బరోస్ సాధారణంగా అంగీకరించదు. మదర్‌బోర్డులోని గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని రాస్తుంది; లినక్స్ అదే గడియారంలో ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని నమ్ముతుంది. కాబట్టి విండోస్‌ను వాడి మూసేసిన కంప్యూటర్‌లో ఉబుంటును తెరిస్తే, సమయం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ముందుకు జరిగి కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ను చేరుకోగలిగితే ఉబుంటు తనంతట తానే సరిచేసుకుంటుంది కానీ, కళాశాలల ఫైర్‌వాల్‌లు టైమ్ సర్వర్లు వాడే 123వ యూడీపీ పోర్టును మూసి ఉంచడం సర్వసాధారణం. టైమ్ సర్వర్‌గా మీ డొమైన్ కంట్రోలర్‌నే (యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్) పెట్టండి. దానితో పాటు, హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంగా చదవమని టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశం ద్వారా ఉబుంటుకు చెప్పండి. ఇది మంచి పద్ధతి కాదని పుస్తకాలు హెచ్చరిస్తాయి, అయితే ఆ హెచ్చరికకు ప్రధాన కారణం వేసవిలో గడియారాన్ని గంట ముందుకు తిప్పుకునే దేశాల ఇబ్బంది. మనకు ఆ బెడద లేదు.

గడియారం సరిగ్గానే ఉన్నా లాగిన్ కాకపోతే కంప్యూటర్ పేరు చూడండి. ఒకే యంత్రంలోని విండోస్‌కూ ఉబుంటుకూ ఒకే పేరు పెట్టి రెండింటినీ డొమైన్‌లో చేర్చారా? మనుషులకు ఉన్నట్టే ప్రతి కంప్యూటర్‌కూ యాక్టివ్ డైరెక్టరీలో ఒక ఖాతా, దానికొక రహస్య పాస్‌వర్డు ఉంటాయి. ఉబుంటు దాన్ని కీట్యాబ్ ఫైలులో దాచుకుంటుంది. అదే పేరుతో రెండో వ్యవస్థ చేరిన క్షణంలో ఆ పాస్‌వర్డు మారిపోయి, మొదటిదాని దగ్గర ఉన్నది చెల్లకుండా పోతుంది. అప్పుడు ఎస్‌ఎస్‌ఎస్‌డీ సర్వర్‌తో మాట్లాడలేక ఆఫ్‌లైన్‌కు వెళుతుంది. పరీక్షించే వారిని పక్కదారి పట్టించేది ఈ స్థితే, ఎందుకంటే ఇంతకుముందు ఆ యంత్రంలో లాగిన్ అయిన విద్యార్థికి క్యాష్ (యంత్రంలో దాచిన పాత లాగిన్ వివరాలు) పుణ్యమా అని తలుపు తెరుచుకుంటుంది, కొత్తగా వచ్చిన విద్యార్థిని మాత్రం అది గుర్తించనే గుర్తించదు. ఉబుంటుకు వేరే పేరు పెట్టి మళ్లీ చేర్చండి. పేరు 15 అక్షరాలు దాటకూడదు.

డీఎన్‌ఎస్ (కంప్యూటర్ల పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చే సేవ) గురించి ఒక్క మాట చాలు: కంప్యూటర్లు డొమైన్ కంట్రోలర్ ఇచ్చే డీఎన్‌ఎస్‌నే వాడాలి, బయటి డీఎన్‌ఎస్‌ను రెండో చిరునామాగా కూడా పెట్టవద్దు.

ఇక ఫైళ్ల యజమానుల సంగతి. లినక్స్ డిస్కు మీద ఫైలు పక్కన రాసుకునేది పేరును కాదు, యూఐడీ అనే సంఖ్యను. మామూలు భద్రతా అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా ఆ సంఖ్యనే నమ్ముతుంది. యాక్టివ్ డైరెక్టరీలో ఖాతాకు ఉండేది ఎస్‌ఐడీ అనే పొడవాటి గుర్తింపు కాబట్టి, దాన్ని యూఐడీగా ఎవరో ఒకరు మార్చాలి. విన్‌బైండ్ తన సొంత డేటాబేసు పద్ధతిలో ఉన్నప్పుడు, బ్యాంకు కౌంటర్‌లో టోకెన్లు ఇచ్చినట్టు ముందు వచ్చినవారికి ముందు సంఖ్య ఇస్తుంది. ఒక కంప్యూటర్‌లో ఒక విద్యార్థికి దక్కిన సంఖ్య, పక్క కంప్యూటర్‌లో వేరే విద్యార్థికి దక్కుతుంది. ఎస్‌ఎస్‌ఎస్‌డీ అలా పంచదు. డొమైన్ ఎస్‌ఐడీ నుంచి లెక్కగట్టి ఒక సంఖ్యల శ్రేణిని ఎంచుకుని, దానికి ఖాతా ఎస్‌ఐడీలోని చివరి భాగాన్ని కలుపుతుంది. అమరికలు మార్చనంత వరకు ఈ లెక్క ఏ కంప్యూటర్‌లో చేసినా ఒకే సమాధానం వస్తుంది.

విన్‌బైండ్‌లోనూ ఇలా లెక్కగట్టే పద్ధతి ఉంది కానీ, దాని జవాబు ఎస్‌ఎస్‌ఎస్‌డీ జవాబుతో దానంతటదే కలవదు. అందువల్ల ల్యాబు మొత్తానికి ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఒక్కదాన్నే ఉంచడం మేలు. సాంబాతో (విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లను పంచుకునే లినక్స్ ప్రోగ్రాము) ఫైళ్లను పంచే సర్వర్ ఉంటే తప్ప మీకు విన్‌బైండ్ అవసరం కనిపించడం లేదు. అయితే దాన్ని తీసేసే ముందే, ఆయా కంప్యూటర్ల నుంచి ఏ సంఖ్య ఏ విద్యార్థిదో జాబితా తీసి పెట్టుకోండి. ఆ జాబితా లేకుండా పాత ఫైళ్లను అసలు యజమానులకు అప్పగించడం దాదాపు అసాధ్యం. ఈ పనిని సెమిస్టర్ సెలవుల్లో పెట్టుకోండి.

ప్రశ్న: మా కార్యాలయంలో లినక్స్ సర్వర్లను యాక్టివ్ డైరెక్టరీకి కలిపాక, అకౌంట్స్ విభాగం వారితో సహా డొమైన్‌లో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ వాటిలోకి లాగిన్ కాగలుగుతున్నారు. ఒక గ్రూపుకే పరిమితం చేయడమెలా?
— ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: రియల్మ్ పర్మిట్ అనే ఆదేశానికి గ్రూపు పేరు ఇస్తే ఒక్క నిమిషంలో పని అవుతుందని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ ఆ ఆదేశం ఎస్‌ఎస్‌ఎస్‌డీని ‘సింపుల్’ అనే తనిఖీ పద్ధతికి మారుస్తుంది. ఆ పద్ధతి, వచ్చినవారి పేరు లేదా గ్రూపు జాబితాలో ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది, ఖాతా నిలిపివేయబడిందా అని చూడదు. పాస్‌వర్డుతో వచ్చేవారిని కెర్బరోస్ ఎలాగూ ఆపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డుకు బదులుగా వాడే డిజిటల్ తాళంచెవి) వచ్చేవారి విషయంలో పాస్‌వర్డు ప్రసక్తే లేదు కాబట్టి, ఉద్యోగం మానేసిన వ్యక్తి కీ సర్వర్‌లో మిగిలి ఉంటే ఆ వ్యక్తి దర్జాగా లోపలికి రావచ్చు. అందుకే తనిఖీ పద్ధతిని ‘ఏడీ’గానే ఉంచి, యాక్సెస్ ఫిల్టర్‌లో (ఎవరిని రానివ్వాలో చెప్పే అమరిక) గ్రూపు సభ్యత్వాన్ని షరతుగా రాయండి, అప్పుడు ఎస్‌ఎస్‌ఎస్‌డీ గ్రూపునూ ఖాతా స్థితినీ రెండింటినీ సరిచూస్తుంది. ఆ తర్వాత ఒక పరీక్ష ఖాతాను డైరెక్టరీలో నిలిపివేసి, పాస్‌వర్డుతో ఒకసారి, కీతో ఒకసారి లాగిన్ కావడానికి ప్రయత్నించి, రెండు దారులూ మూసుకున్నాయని చూసుకున్నాకే మిగతా సర్వర్లకు వెళ్లండి.