క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ మొదలుపెట్టడానికి సమ్మర్ స్కూల్ మేలా, కాన్ఫరెన్స్ మేలా?

డిగ్రీ విద్యార్థి అయితే ముందు సమ్మర్ స్కూలే. కాన్ఫరెన్సులో ఎవరూ ఓనమాల దగ్గర మొదలుపెట్టరు. 1998 నుంచి జరుగుతున్న క్యూఐపీ (క్వాంటమ్ ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్) లాంటి పెద్ద సదస్సులో ప్రసంగాలన్నీ కొత్త పరిశోధనల మీదే. కొత్తవాళ్లకు కాస్త అందేవి దానికి ముందు పెట్టే ట్యుటోరియల్స్ (అవీ కష్టమైనవే లెండి).

స్కూళ్లలో ఐబీఎం వారి క్విస్కిట్ గ్లోబల్ సమ్మర్ స్కూల్ 2020లో ఆన్‌లైన్‌లో మొదలైంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం డిగ్రీ విద్యార్థులకు యూసెక్విప్ అనే సమ్మర్ స్కూల్ పెడుతుంది.

ఏది ఎంచుకున్నా చేత్తో చేయించే ల్యాబ్ ఉందో లేదో చూడండి. నా దృష్టిలో అసలు తేడా అక్కడే. 0లో ఉన్న రెండు క్యూబిట్లు (క్వాంటమ్ కంప్యూటర్‌లోని బిట్లు) తీసుకుని, మొదటిదానిపై హాడమార్డ్ గేటు (దాన్ని 0, 1ల సమాన మిశ్రమంలో పెట్టేది), తర్వాత రెండింటి మధ్య సీనాట్ గేటు (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేది) పెట్టారనుకోండి. నాయిస్ (పొరపాట్లు తెచ్చే అలజడి) లేని సిమ్యులేటర్‌లో వెయ్యిసార్లు నడిపి కొలిస్తే 00, 11 మాత్రమే వస్తాయి, దాదాపు చెరిసగం. అదే సర్క్యూట్‌ను నిజమైన యంత్రం మీద నడిపితే మధ్యలో 01, 10 కూడా తొంగిచూస్తాయి. అవి ఎక్కణ్నుంచి వచ్చాయని తవ్వడం మొదలుపెడితే ఎర్రర్ కరెక్షన్ (ఇలాంటి తప్పుల్ని సరిదిద్దడం) ఎందుకో దానంతటదే అర్థమవుతుంది.

క్విస్కిట్ స్కూల్ లాంటివి అందుకోవడానికి మ్యాట్రిక్స్ గుణకారం, కాంప్లెక్స్ సంఖ్యలు, కొంచెం పైథాన్ వస్తే చాలు. క్వాంటమ్ మెకానిక్స్ మొత్తం చదివేదాకా ఆగక్కర్లేదు.